‘హైడ్ అవే’: వాద్యం కావాలి, మనిషి వద్దు

పాట అనగానే మన విమర్శకులు మాటల్నే పట్టుకుంటారు. పల్లవి, చరణం, భావం. మాటలే లేకపోతే ఇక చెప్పడానికేం లేదనుకుంటారు. మా నాన్న డప్పు కొడతాడు. ఎమ్మే చదివిన రెండేళ్ళలో ఆ డప్పు గురించి నాకు ఒక్క పాఠం కూడా తగల్లేదు. అందుకే మాటల్లేని ఒక నల్లవాళ్ళ పాట గురించి రాయాలనిపించింది.

‘హైడ్ అవే’ ఫ్రెడీ కింగ్ వాయించిన గిటారు పాట. ఆయన 1934లో టెక్సాస్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే చికాగో చేరి ఉక్కు మిల్లులో పనిచేస్తూ క్లబ్బుల్లో వాయించాడు. ఈ పాటని 1960 ఆగస్టులో సిన్సినాటిలో రికార్డు చేశాడు. 1961లో అది నల్లవాళ్ళ ఆర్ అండ్ బి పట్టికలో 5వ స్థానానికి, అందరి పాప్ పట్టికలో 29వ స్థానానికి వెళ్ళింది. పాటకి పేరు చికాగోలోని ఒక బారు నించి వచ్చింది.

ఇది కింగ్ ఒక్కడి సొత్తా? కాదు. హౌండ్ డాగ్ టేలర్ వాయించే బాణీయే దీనికి మూలమంటారు. నడుమ ‘పీటర్ గన్’ టీవీ సీరియల్ బాణీ ముక్క కూడా వినిపిస్తుంది. అది తెల్లవాడైన హెన్రీ మాన్సినీది. కాబట్టి ఒకరి బాణీ ఇంకొకరు తీసుకోవడమే తప్పని నేననను. సంగీతం అట్లాగే బతుకుతుంది.

1966లో లండన్‌లో జాన్ మేయాల్ బృందం ఇదే పాటని రికార్డు చేసింది. గిటారు ఎరిక్ క్లాప్టన్, 21 ఏళ్ళవాడు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. కింగ్ బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, చూపుడువేలికి లోహపు తొడుగు పెట్టి మీటుతాడు. స్వరం పొడిగా, టక్కున తెగుతుంది. నడక ఆడేవాళ్ళ కాళ్ళని లాగుతుంది. క్లాప్టన్ మార్షల్ ఆంప్లిఫయర్ మోత పెంచి స్వరాన్ని చీల్చి, సాగదీస్తాడు. బృందం వెనక్కి పోతుంది, గిటారు ముందుకొస్తుంది. ఆడుకునే పాట కూర్చుని వినే పాటవుతుంది. బాగా వాయించాడు, ఆ మాట దాచక్కర్లేదు. 1967లో వచ్చిన రికార్డుల్లో అదే బృందంతో పీటర్ గ్రీన్ ‘ది స్టంబుల్’ని, మిక్ టేలర్ ‘డ్రైవింగ్ సైడ్‌వేస్’ని వాయించారు. అవి కూడా కింగ్ పాటలే. రికార్డుల మీద కింగ్ పేరు కూడా వేశారు.

మరి పేచీ ఎక్కడ? పేరు అట్ట మీద ఉంది, కీర్తి మాత్రం చేతులు మారింది. 1960లలోనే లండన్ గోడ మీద క్లాప్టన్‌ని దేవుడని రాశారు. కింగ్‌ని దేవుడని ఏ గోడా అనలేదు. 1974లో క్లాప్టన్ రికార్డులు వేసే సంస్థే కింగ్‌తో ‘బర్గ్లర్’ వేసింది. ఇద్దరూ కలిసి వాయించారు కూడా. ఇంత దగ్గరితనం ఉన్నా 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వేదిక మీద క్లాప్టన్ ఏమన్నాడు? వలసొచ్చిన నల్లవాళ్ళని, మన ఆసియా వాళ్ళని ఇంగ్లండు నించి పంపించెయ్యాలన్నాడు. ఈనాక్ పవెల్‌ని బలపరచమన్నాడు. ఆ మాటలకి జవాబుగానే ‘రాక్ అగైన్‌స్ట్ రేసిజం’ ఉద్యమం పుట్టింది. సిగ్గుపడుతున్నానని క్లాప్టన్ 2018లో అన్నాడు. కింగ్ అది వినడానికి లేడు. 1976 డిసెంబరులోనే, 42 ఏళ్ళకే పోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ క్లాప్టన్‌ని 1992, 1993, 2000లలో మూడుసార్లు చేర్చుకుంది. కింగ్‌ని 2012లో చేర్చుకుంది.

ఒకరి సంగీతాన్ని ప్రేమిస్తే వాళ్ళని మనుషులుగా చూసినట్టేనని మనకి చెప్తుంటారు. అది నిజం కాదని మా ఊరి జాతర నాకు ముందే చెప్పింది. డప్పు లేకుండా దేవర కదలదు. కొట్టినవాడు మాత్రం గుడి మెట్టు కిందే ఆగాలి.

క్లాప్టన్‌ని వినొద్దని నేననను. కింగ్‌ని ముందు వినండి. ఆ వేళ్ళకి మిల్లు పని తెలుసని గుర్తుపెట్టుకుని వినండి. మాటల్లేని పాటకి విమర్శ అక్కడ మొదలవ్వాలి. మా నాన్న డప్పు గురించి రాసేవాళ్ళక్కూడా నేను చెప్పేది అదే.