ఆరు గంటలు ఎవరి ఖాతాలో?

గుండెనొప్పి వచ్చిన పేదలు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తారట, వాళ్లకు అవగాహన లేదట. వైద్య సదస్సుల్లో, పేపర్ల ఆరోగ్యం పేజీల్లో ఏళ్ల తరబడి వింటున్న మాట ఇది. ఈ మాట అంటున్నది ఎవరు, ఎక్కడ నిలబడి అంటున్నారు అని మేము అడగదలుచుకున్నాం.

గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే గంటగంటకూ కండరం చచ్చిపోతుంది. 1986లో ఇటలీలో స్ట్రెప్టోకైనేజ్ మీద జరిగిన పెద్ద ప్రయోగంలో, మొదటి గంటలో మందు పడ్డవాళ్లలో చావులు దాదాపు సగం తగ్గాయి. దీనితో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ గంటల్ని లెక్కగట్టే పద్ధతితోనే. ఇంగ్లీషు వ్యాసాలు రోగి నిర్ణయాన్నీ ప్రయాణాన్నీ వేరుచేసి చూస్తాయి గాని, మన దగ్గరికి వచ్చేసరికి మొత్తం రోగి నెత్తినే పడుతుంది.

2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన క్రియేట్ అధ్యయనం చూడండి. 50 నగరాలు, 89 ఆసుపత్రులు, 20,468 మంది రోగులు. నొప్పి మొదలై ఆసుపత్రి చేరడానికి సగంమందికి 360 నిమిషాలు, ఆపైన పట్టింది. లోపలికి వెళ్లాక గడ్డ కరిగించే మందు పడటానికి 50 నిమిషాలు. ఆరు గంటలు మావి, 50 నిమిషాలు డాక్టర్లవి! అయితే అందులోనే ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. 30 రోజుల్లో చనిపోయినవాళ్లు ధనికుల్లో నూటికి 5.5, పేదల్లో 8.2. రోగుల ఒంటి పరిస్థితిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. అందిన వైద్యాన్ని లెక్కలోకి తీసుకుంటే పోయింది. అంటే గుమ్మం దాటాక కూడా పేదవాడికి అందాల్సింది అందలేదన్నమాట. దీనికి ఏ 'డిలే' అని పేరు పెడతారు? ఈ అధ్యయనమైనా ధనిక, పేద దగ్గరే ఆగింది, కులం దాకా రాలేదు.

ఇక ఆ ఆరు గంటల సంగతి. మా పెదనాయన మిర్చి బస్తాలు మోసేవాడు. 2002లో ఒక తెల్లవారుజామున ఛాతీ బిగబట్టింది, ఎడం చెయ్యి లాగింది, ఒళ్లంతా చెమటలు. గ్యాసన్నాడు, సోడా తాగాడు. బస్తాలు మోసేవాడికి చెయ్యి లాగని రోజేది? ఆరింటికి ఆరెంపీ డాక్టరొచ్చి ఇంజెక్షను చేశాడు. ఆయన్ని నకిలీ డాక్టరని తిట్టడం తేలికే. మా పేటలోకి వచ్చి, మమ్మల్ని ముట్టుకుని చూసేవాడు ఆయనొక్కడే, డబ్బులు కూలి అందినాక ఇచ్చినా ఊరుకుంటాడు. నొప్పి తగ్గలేదు. పట్నం పోదామంటే అప్పు పుట్టాలి. ఊళ్లోకి పోయి, ఆసామి నిద్రలేచిందాకా అరుగు కింద నిలబడ్డాం. ఆ నిలబడ్డ గంటకు ఏ ఫారంలోనూ గడి లేదు. ఆసుపత్రిలో ఈసీజీ తీసేవాడు పదింటికి వచ్చాడు, తీసి ఇంకో ఆసుపత్రికి రాశారు. సాయంత్రానికి పెదనాయన పోయాడు. కేసు షీటులో 'ఆలస్యంగా తీసుకొచ్చారు' అని ఒకే ఒక్క ముక్క. ఆ ఇంగ్లీషు ముక్క మేము చదువుకోగలిగింది పదేళ్ల తర్వాత.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. ఆయాసంగానో, వాంతిగానో, వీపునొప్పిగానో వస్తే అది గుండె అని ఇంట్లోవాళ్లూ అనుకోరు, డాక్టరూ అనుకోడు. కలుపు తీసొచ్చిన మనిషికి వీపు నొప్పి ఉండదా అంటారు.

2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అవి మావాళ్లను బతికించలేదని అనం. కాకపోతే ఆరోగ్యశ్రీ మమ్మల్ని పట్నంలో కార్పొరేట్ ఆసుపత్రి బల్ల దాకా తీసుకుపోయిందే గాని, మొదటి గంటలో పడాల్సిన సూదిని మా దగ్గరికి తేలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, దూరాన ఉన్న గుండె డాక్టరుకు చూపించి, ఆ సూదిని ఉచితంగా వేసే పథకం ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది 2023లో. మందు 1986 నాటికే ఉంది. ఈ మధ్య గడిచిన ఏళ్లన్నీ ఎవరి ఆలస్యం కింద రాయాలి?

ఈ విషయం మీద పరిశోధన చేస్తున్న విద్యార్థులకు ఒక మాట. ప్రశ్నావళిలో 'ఎందుకు ఆలస్యం చేశారు' అని అడక్కండి. మొదట ఎవర్ని పిలిచారు, ఎవరి గుమ్మం ముందు అప్పు కోసం నిలబడ్డారు, బండి పేట దాకా వచ్చిందా, రోడ్డు మీదే ఆగిందా, ఆసుపత్రిలో ఎక్కడ కూచోబెట్టారు, ఎవరి తర్వాత పిలిచారు అని అడగండి. కులం కూడా రాసుకోండి.