ఒకటో తరగతి టీచరమ్మ

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు బిడ్డను చర్చి బడిలో వేయాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది భవనాన్ని కాదు, ఒకటో తరగతి టీచరమ్మను.

కేథలిక్కుల లెక్కలో ఈ ప్రాంతం 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం (డయోసిస్) కిందిది. ఇక్కడి విచారణ (పారిష్) బడి అంటే క్రైస్తవ పిల్లలకే అనుకోనక్కర్లేదు. గుర్తింపు ఉన్న ఏ బడైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధలో పాల్గొనేలా చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది.

ఇక మంచి టీచరమ్మ పనితనం. ప, వ, మ, య ఒకే పోలికలో ఉండి పసివాళ్లను తికమక పెడతాయి. ఆమె బలపం పట్టిన చిట్టి వేళ్లను తన చేతిలోకి తీసుకుని ముందు ‘ప’ దిద్దిస్తుంది. అక్కడ విడిగా ఉన్న గీత ‘వ’లో ఎక్కడ కలుస్తుందో పలక మీద ఆగి చూపిస్తుంది. తప్పు రాస్తే కసరదు. తుడిచి మళ్లీ దిద్దిస్తుంది. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టే ముందు రాతి మీద గీత సరిచూసుకున్నంత శ్రద్ధ అది.

ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని బిడ్డకు ఈ ఓపికే పెద్ద ఆస్తి. చేర్చే ముందు అడిగి ఒక పూట తరగతిలో కూర్చోండి. వెనకబడిన పిల్లవాడి దగ్గర అక్కడి టీచరమ్మ ఎంతసేపు ఆగుతుందో చూడండి. బాగా ఆగితే నిశ్చింతగా చేర్చండి.