గల్లీకో కైఫీయతు

రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి మనుషులూ ఊరూరా తిరిగి, కరణాలనూ ముసలివాళ్లనూ అడిగి రాయించినవే మన కైఫీయతులు. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం అన్నది వాటిలో ఉంటుంది. పట్నంలో ఒక గల్లీకి అలాంటి కాగితం దొరకడం అరుదు. ఆ లోటు తీర్చగలవాళ్లు అక్కడే చదువుకుంటున్న పిల్లలు.

హైదరాబాద్ సుల్తాన్ బజార్‌నే తీసుకోండి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్ బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి వెళ్లడం, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పుట్టడం, 1933లో రెసిడెన్సీ చేతిలో ఉన్న ఈ బజార్లు తిరిగి నిజాం ఏలుబడిలోకి రావడం పుస్తకాల్లో ఉన్నాయి. గాజుల దుకాణం పక్కన మునుపు ఏముండేది, మెట్రో పనులప్పుడు ఎవరి బేరం ఎక్కడికి తరలిపోయింది అన్నవి మాత్రం మనుషుల దగ్గరే ఉన్నాయి.

అడగడంలోనే ఉంది పనితనమంతా. "మీ బస్తీ చరిత్ర చెప్పండి" అంటే ఎవరైనా చార్మినార్ దగ్గర మొదలుపెడతారు. "అమ్మా, మీ ఇంట్లోకి నల్లా ఎప్పుడొచ్చింది? అంతకుముందు నీళ్లు ఎక్కణ్ణుంచి మోసేవారు?" అని అడగాలి. బావి, బావి దగ్గర తగాదా, ఎవరిని చేద ముట్టనిచ్చేవారు కాదో ఆ సంగతి, అన్నీ వాటంతటవే వస్తాయి. ఏ సంవత్సరమని నిలదీస్తే తడబడతారు. పోలీసు చర్యకు ముందా, తర్వాతా? అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి పెళ్లయిందా? ఇలా అడిగితే లెక్క తేలుతుంది. చెప్పేవాళ్లు మధ్యలో ఆగితే వెంటనే అందుకోకూడదు. అసలు మాట చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. ఉర్దూ కలిసిన తెలుగును అలాగే రాసుకోవాలి, గ్రాంథికం చేసి పాడుచేయకూడదు.

విన్నదాన్ని కాగితంతో పోల్చాలి. 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మున్ ఆధ్వర్యంలో గీసిన నగర పటాల్లో ఇళ్లూ బావులూ విడివిడిగా కనిపిస్తాయి. అవి చేత పట్టుకుని గల్లీ నడవాలి. పటం ఒకటి, తాత ఇంకొకటి చెబితే రెండూ రాసిపెట్టాలి. ఆ తేడా ఎందుకొచ్చిందో వెదకడమే చరిత్ర చదవడం.

ఇంటి యజమానులతోనే సరిపెట్టుకుంటే సగం బస్తీ మిగిలిపోతుంది. కిరాయిదారులు, ఇస్త్రీ బండివాళ్లు, దర్జీలు, ముఖ్యంగా ఆడవాళ్లు చెప్పాలి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ దారిలో మనకున్న గొప్ప పాఠం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను కలిసి, వాళ్ల నోటనే చెప్పించిన పుస్తకమది. దాన్ని చదవకుండా రికార్డింగుకు బయల్దేరే విద్యార్థి సగం సరంజామా ఇంట్లోనే వదిలి వెళ్లినట్టు.

రికార్డు చేసేముందు ఒప్పుదల తీసుకోవడం, అచ్చయ్యాక ఒక ప్రతి వాళ్లింటికి చేర్చడం మర్యాద కోసం చేసే పనులు కావు. చెప్పిన మాట చెప్పినవాళ్లదే.

ఇలాంటి జ్ఞాపకం వ్యర్థం కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 వరదలో దాదాపు 150 మందిని కాపాడిందని తరం నుంచి తరానికి చెప్పుకున్నారు కాబట్టే, దాన్ని ఈనాటికీ వెదుక్కుని వెళ్లి చూస్తున్నారు.

మీ గల్లీకి పిల్లలు ఫోను పట్టుకుని వస్తే చాయ్ ఇచ్చి కూర్చోబెట్టండి. పాత కిరాయి రసీదులు, శుభలేఖలు, దుకాణం పద్దు పుస్తకాలు రద్దీవాడికి వేసేముందు ఒకసారి వాళ్లకు చూపించండి.