ఫలమే సత్యమా? ఇక్బాల్ చూపిన పరీక్షపై ఒక పరిశీలన

ధర్మాన్ని గురించి ఈనాడు మనలో సాగే సంభాషణల్లో ఒక వింత కనిపిస్తుంది. నమాజు ఎందుకని ఒక యువకుడు అడిగితే, దేహానికి అది చక్కని వ్యాయామం అంటాము. రోజా ఎందుకంటే, జీర్ణకోశానికి విశ్రాంతి అంటాము. దేవుణ్ణి విశ్వసించటం ఎందుకంటే, ఆ విశ్వాసం లేనిచోట నీతి నిలవదు అంటాము. ఈ జవాబులు సదుద్దేశంతో చెప్పేవే. వాటిలో కొంత వాస్తవం లేకపోలేదు. కాని అడిగినవాడి ప్రశ్న మాత్రం అడిగిన చోటనే ఉండిపోయింది. 'ఇది నిజమేనా?' అని అతడు అడిగాడు. 'ఇది మేలు చేస్తుంది' అని మనం చెప్పాము.

నిజమైనదీ మేలు చేసేదీ ఒకటేనా? ఇది తత్వశాస్త్రంలో వందేళ్ళకు పైగా నలుగుతున్న ప్రశ్న. మనం మిక్కిలి గౌరవించే అల్లామా ఇక్బాల్ గ్రంథంలో కూడా ఈ ప్రశ్న ఇమిడి ఉంది. ఆ గ్రంథాన్ని మెచ్చుకున్నవారు అనేకులు. అయితే అందులో ఆయన సత్యానికి చూపిన పరీక్షను నిలిపి పరిశీలించినవారు తక్కువ. ఆ పని కొంతవరకు చేయటమే ఈ వ్యాస ఉద్దేశం.

ఇక్బాల్ ప్రతిపాదన

ఇక్బాల్ 1929 ఆరంభంలో మద్రాసులోను, అటుపైన మన హైదరాబాదులోను, ఆ తరువాత అలీగఢ్‌లోను ఆంగ్లంలో ఉపన్యాసాలు ఇచ్చారు. ఇస్లాంలో మతచింతన పునర్నిర్మాణాన్ని గురించిన ఆ ఉపన్యాసాలు 1930లో లాహోరులో గ్రంథంగా వెలువడ్డాయి. 1934లో ఏడవ ఉపన్యాసం చేర్చి ఆక్స్‌ఫర్డ్ వారు దానిని మళ్ళీ ప్రచురించారు.

మొదటి ఉపన్యాసంలో ఆయన మతానుభవం కూడా జ్ఞానానికి ఒక మార్గమేనని వాదించారు. మరి ఆ అనుభవం భ్రమ కాదని తెలుసుకోవటం ఎలా? దీనికి ఆయన రెండు పరీక్షలు చెప్పారు. ఒకటి బుద్ధిపరమైనది: ఆ అనుభవానికి విమర్శనాత్మకంగా అర్థం చెప్పుకుంటూ పోతే, అనుభవం చూపిన సత్తాయే చివరకు బుద్ధికీ కనిపిస్తుందా అని చూడటం. రెండవది ఆచరణపరమైనది: ఫలాన్ని బట్టి తీర్పు చెప్పటం. మొదటిది తత్వవేత్త చేసే పరీక్ష, రెండవది ప్రవక్త చేసే పరీక్ష అని ఆయన విభజన. ఐదవ ఉపన్యాసంలో ఈ రెండవ దానికి వివరణ ఉంది. ఒక ప్రవక్త అనుభవం విలువను తెలుసుకోవాలంటే ఆయన ఎటువంటి మనుషులను తీర్చిదిద్దారో, ఆయన సందేశం నుండి ఎటువంటి నాగరికత పుట్టిందో చూడాలని ఇక్బాల్ అంటారు.

ఈ రెండవ పరీక్ష ఎక్కడిదో ఇక్బాల్ దాచలేదు. అదే మొదటి ఉపన్యాసంలో ఆయన అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్‌ను ఉదాహరించారు. జేమ్స్ 1902లో ప్రచురించిన మతానుభవ గ్రంథంలో, దైవికమైన అనుభవాన్నీ దానికి నకలు వంటి భ్రమనూ వేరుచేయటానికి చివరకు ఫలమే గీటురాయి అవుతుందని చెప్పాడు. కనుక జేమ్స్ వాదమేమిటో ముందు తెలుసుకోవాలి.

జేమ్స్ వాదం, రస్సెల్ ఖండన

సత్యమంటే వాస్తవంతో సరిపోలటం అన్నది అరిస్టాటిల్ నాటి నుండి వస్తున్న అభిప్రాయం. ఉన్నదానిని ఉన్నదని, లేనిదానిని లేదని చెప్పటమే సత్యం. ఈ సరిపోలటం అనేది ఎక్కడ ఎలా కనిపిస్తుందని జేమ్స్ అడిగాడు. 1907లో వెలువడిన 'ప్రాగ్మాటిజం' గ్రంథంలో అతడి సమాధానం ఇది: ఒక భావం మనలను అనుభవంలో సాఫీగా నడిపించి, ఆచరణలో అక్కరకు వస్తే అదే దాని సత్యత్వం. సత్యం భావానికి ముందే అంటుకుని ఉన్న గుణం కాదు; భావం పనిచేస్తూ పోయేకొద్దీ సత్యమవుతుంది. ఈ మార్గానికి ఆద్యుడైన చార్లెస్ పియర్స్ ఇంత దూరం పోలేదు. పరిశోధించేవారందరూ చిట్టచివరకు ఏకీభవించక తప్పని అభిప్రాయమే సత్యమని అతడు 1878లో చెప్పాడు. జేమ్స్ ప్రభృతుల ధోరణి నచ్చక 1905లో తన సిద్ధాంతం పేరునే మార్చుకున్నాడు.

జేమ్స్‌కు అన్యాయం చేయరాదు. ఎవరికి ఏది అనుకూలమైతే అదే సత్యమని అతడు అనలేదు. అలా అర్థం చేసుకున్నవారిపై 1909లో మరొక గ్రంథమే రాశాడు. అయినా బెర్ట్రండ్ రస్సెల్ 1908లో చేసిన ఖండన చెక్కుచెదరలేదు. పోపు తప్పు చేయడన్న నమ్మకాన్ని అతడు ఉదాహరణగా తీసుకున్నాడు. పోపులు ఎన్నడైనా తప్పు చేశారా అనేది ఒక ప్రశ్న. వారు తప్పు చేయరని నమ్మటం వల్ల మొత్తం మీద లోకానికి మేలు కలిగిందా అనేది వేరొక ప్రశ్న. మొదటిదే తేలిక. మొదటిది తేల్చటానికి రెండవదానిని సాధనంగా తెచ్చుకుంటే, తేలికైన దానిని కఠినమైన దానితో కొలిచినట్టవుతుంది. పైగా 'ఈ నమ్మకం మేలు చేస్తుంది' అనే వాక్యం నిజమా కాదా? అదీ మేలు చేస్తుంది కనుక నిజమే అంటే, ఆ జవాబు మీద కూడా ఇదే ప్రశ్న వేయవచ్చు. ఎక్కడో ఒకచోట 'వాస్తవంగా ఇలా ఉంది' అని చెప్పక తప్పదు.

ఈ రెంటికీ భిన్నంగా, మన విశ్వాసాలన్నీ ఒకదానితో ఒకటి పొందిక కలిగి ఉండటమే సత్యమన్నవారూ ఉన్నారు. బ్రాడ్లీ, జోకిం వంటి ఆంగ్ల తత్వవేత్తలు ఈ కోవకు చెందినవారు. పొందిక అవసరమే. సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే న్యాయాధికారి వాటిని తోసిపుచ్చుతాడు. కాని నేర్పుగా అల్లిన అబద్ధానికి కూడా పొందిక ఉంటుంది. అందుచేత ఈ మార్గం కూడా మనలను మొదటి చోటికే తీసుకువస్తుంది.

మన పండితుల చర్చ

ఈ చర్చ పశ్చిమ దేశాల్లో పుట్టిందనుకోవటం పొరపాటు. మన మదరసాలలో అలంకారశాస్త్రం చదివిన విద్యార్థికి 'సిద్ఖ్' అంటే ఏమిటన్న వివాదం సుపరిచితమే. తఫ్తాజానీ 'ముఖ్తసర్' వ్యాఖ్య ఆరంభ భాగంలోనే అది వస్తుంది. కాని దానిని పాఠంగా వల్లె వేసి వదిలేస్తున్నాము.

బస్రాకు చెందిన ముఅతజిలీ పండితుడు నజ్జామ్, సత్యమంటే పలికేవాడి విశ్వాసంతో మాట సరిపోలటం అన్నారు. ఆ విశ్వాసం తప్పైనా సరే. దీనికి ఆయన చూపిన ఆధారం సూరా మునాఫిఖూన్ మొదటి ఆయత్. కపటులు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తమరు దైవసందేశహరులని మేము సాక్ష్యమిస్తున్నాము అన్నారు. ఆ మాట వాస్తవమే. అయినా అల్లాహ్ వారిని అబద్ధీకులన్నాడు. కాబట్టి మాట వాస్తవంతో సరిపోలినా, విశ్వాసంతో సరిపోలకపోతే అబద్ధమేనని నజ్జామ్ వాదం.

ఆయన శిష్యుడు జాహిజ్ ఈ రెండూ కావాలన్నారు. మాట వాస్తవంతోను, పలికేవాడి విశ్వాసంతోను సరిపోలితే సత్యం. రెంటితోను సరిపోలకపోతే అసత్యం. తక్కినది సత్యమూ కాదు, అసత్యమూ కాదు. సూరా సబాలో అవిశ్వాసులు ప్రవక్తను గురించి, ఈయన దేవునిపై అబద్ధం కల్పించాడా, లేక ఈయనకు పిచ్చి పట్టిందా అని అడిగినట్టు ఉంది. పిచ్చివాని మాటను వారు అబద్ధానికి ఎదురుగా నిలబెట్టారు. సత్యమని కూడా వారు అనుకోలేదు. కనుక మూడవది ఒకటి ఉన్నదని జాహిజ్ తర్కం.

అధికసంఖ్యాకులైన పండితులు ఈ రెండు మతాలనూ అంగీకరించలేదు. సత్యమంటే వాస్తవంతో సరిపోలటమే, అంతే. కపటులు అబద్ధమాడింది 'సందేశహరులు' అన్న విషయంలో కాదు, 'సాక్ష్యమిస్తున్నాము' అనటంలో. సాక్ష్యమంటే హృదయం నుండి రావలసింది కదా. వారిని అబద్ధీకులనే ముందే, ఆయన తన సందేశహరుడని అల్లాహ్‌కు తెలుసునని ఆ ఆయత్‌లోనే ఉంది. అంటే వాక్యంలోని విషయాన్ని స్థిరపరచి, పలికినవారి చిత్తశుద్ధిని మాత్రమే తోసిపుచ్చటం జరిగింది. రెండవ ఆయత్ విషయంలోనూ సమాధానం ఇటువంటిదే: కల్పించటమంటే తెలిసి అబద్ధమాడటం, పిచ్చివాడు తెలిసి ఆడడు. అక్కడి భేదం బుద్ధిపూర్వకమైన దానికీ కానిదానికీ మధ్యనే.

ఈ సమాధానంలో మనకు కావలసిన సాధనం ఉంది. మాట నిజమా అనేది ఒక ప్రశ్న, మనిషి నిజాయితీపరుడా అనేది మరొక ప్రశ్న. దీనికి మూడవది మనం చేర్చుకోవచ్చు: మాట ప్రయోజనకరమా? ఆ కపటులనే చూడండి. ఆ వాక్యం వారికి ఎంతో ప్రయోజనకరం. తమ ప్రమాణాలను వారు డాలుగా చేసుకున్నారని తరువాతి ఆయత్ చెబుతుంది. వాక్యం నిజం, పలికినవారు అబద్ధీకులు, ప్రయోజనం వారికి దక్కింది. మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులు ఒకే చోట ఉన్నాయి.

నసఫీ 'అఖాయిద్' గ్రంథం కూడా ఈ స్పష్టతతోనే మొదలవుతుంది. వస్తువుల యథార్థ స్వరూపాలు స్థిరమైనవి, వాటిని తెలుసుకోవటం సాధ్యమే అన్నది దాని తొలి ప్రతిపాదన. దైవ ప్రస్తావనకు ముందే ఈ మాట ఎందుకు? ఈ పునాది లేకపోతే తరువాతి మాటలకు అర్థం ఉండదు కనుక. ఎవరి నమ్మకం వారికి సత్యం అనేవారికి 'ఇందియ్యా' అనే పేరు పెట్టి, వ్యాఖ్యాతలు వారిని సోఫిస్టుల్లో ఒక తెగగా లెక్కించారు. 'నాకు అది సత్యం, మీకు ఇది సత్యం' అనే మాట ఈ కాలపు ఔదార్యమని మనం అనుకుంటాము. అది చాలా పాతది.

సరిపోలటం అనే నిర్వచనంలో చిక్కులు లేవని కాదు. 'నేనిప్పుడు చెబుతున్నది అబద్ధం' అనే వాక్యం నిజమా, అబద్ధమా? తఫ్తాజానీ దీనికి పరిష్కారం లేని వర్గమూలం పేరు పెట్టి 'జద్రె అసమ్' అన్నారు. ఇరవయ్యవ శతాబ్దిలో టార్‌స్కీ సత్యానికి శాస్త్రీయ నిర్వచనం ఇవ్వబూనినప్పుడు అతడికీ ఈ వాక్యమే అడ్డుపడింది. అయితే ఈ చిక్కు సత్యభావనను మరింత జాగ్రత్తగా వాడమంటుంది గాని, దానిని వదిలి ప్రయోజనాన్ని పట్టుకొమ్మనదు.

ఇక్బాల్ పరీక్షలోని లోపం

ఇప్పుడు ఇక్బాల్ దగ్గరకు వద్దాము. ఆయన జేమ్స్ కారు. ఫలమే సత్యమని ఆయన నిర్వచించలేదు. ఫలం ఒక పరీక్ష అన్నారు, దాని పక్కన బుద్ధి పరీక్షను కూడా నిలిపారు. రెండవ ఉపన్యాసమంతా బుద్ధి పరీక్షకే కేటాయించారు. ఇది ఆయన విచక్షణకు నిదర్శనం. అయినా మూడు సందేహాలు మిగులుతున్నాయి.

ఒకటి: ఈ రెండు పరీక్షలు ఒకదానితో ఒకటి విభేదిస్తే దేనిది పైచేయి? గ్రంథంలో దీనికి తేటతెల్లమైన సమాధానం కనిపించదు.

రెండు: ఫలం మంచిదని తేల్చేదెవరు? మంచికి కొలత దైవవాణి నుండే తీసుకుంటే, దైవవాణిని దైవవాణితోనే పరీక్షించినట్టు. వేరొక చోటి నుండి తీసుకుంటే, ఆ కొలతే దైవవాణికి పై న్యాయమూర్తి అవుతుంది.

మూడవది అన్నిటికంటే బరువైనది. నాగరికత ఉచ్చదశలో ఉన్నప్పుడు ఫలం మన పక్షాన సాక్ష్యం చెబుతుంది. పతనమైనప్పుడో? 1258లో బాగ్దాదు కూలింది. ఆ మరునాడు ఇస్లాం సత్యత్వం ఏమైనా తరిగిందా? హజ్రత్ నూహ్ (అ) తొమ్మిదివందల యాభై ఏళ్ళు తమ జాతి మధ్య ఉన్నారని, విశ్వసించినవారు కొద్దిమందేనని ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన సందేశం నుండి ఆయన జాతిలో ఏ నాగరికతా వికసించలేదు. ఆ జాతి మునిగిపోయింది. నాగరికతను చూసి తీర్పు చెప్పేవాడు ఆయన ఓడ పక్కన నిలబడి ఏమని తీర్పు చెబుతాడు?

ఇక్బాల్ పక్షాన ఒక గట్టి మాట చెప్పవచ్చు. సూరా రఅద్‌లో సత్యాసత్యాలకు ఒక ఉపమానం ఉంది: నురుగు ఎగిరిపోతుంది, జనులకు ఉపయోగపడేది భూమిపై నిలుస్తుంది. ఇక్కడ సత్యానికి గుర్తు ప్రయోజనమే కదా! అవును, గుర్తే. కాని ఆ ఉపమానంలోనే లోహాన్ని కరిగించే ప్రస్తావన కూడా ఉంది. నురుగు పైకి తేలినప్పుడు లోహం అడుగునే ఉంది. ఆభరణంగానో పనిముట్టుగానో మారిన తరువాత అది లోహం కాలేదు. లోహం కనుకనే ఉపయోగపడింది.

ఫలానికి సరైన స్థానం చూపినవారు ఇమామ్ గజాలీ (రహ్). ఒకడు కర్రను పాముగా మార్చి, మూడు పదికంటే పెద్దదని వాదిస్తే, ఆ విద్యకు ఆశ్చర్యపోతాను గాని పది పెద్దదన్న నా జ్ఞానంలో సందేహం రాదని ఆయన 'మున్‌ఖిజ్'లో అంటారు. ఆ గ్రంథంలోనే, ప్రవక్తను గుర్తించటం వైద్యుణ్ణి గుర్తించటం వంటిదన్నారు. వైద్యమంటే ఏమిటో కొంత తెలిసినవాడు గాలెన్ గ్రంథాలు చూసి ఆయన వైద్యుడని తెలుసుకుంటాడు. అలాగే ప్రవక్తృత్వమంటే ఏమిటో ఎరిగి, ఖుర్ఆన్‌ను పరిశీలించి, ఆరాధన హృదయాన్ని ఎలా శుద్ధి చేస్తుందో స్వయంగా ఆచరించి చూస్తే నిశ్చయజ్ఞానం కలుగుతుంది. ఇక్కడా ఫలం ఉంది. కాని అది తెలుసుకునేవాడికి దారి మాత్రమే. మందు వల్ల జ్వరం తగ్గితే వైద్యుడిపై నమ్మకం కుదురుతుంది. కాని జ్వరం తగ్గటమే ఆయనను వైద్యుణ్ణి చేయలేదు.

ముగింపు

'హఖ్' అనే అరబీ పదానికి సత్యమనీ, ఒకరికి చెందవలసినదనీ రెండర్థాలు. మన తెలుగులోకి రెండవ అర్థంతోనే 'హక్కు'గా వచ్చింది. సత్యానికి మనపై హక్కు ఉంది: దానిని దాని కొరకే ఒప్పుకోవాలి. మేలు చేస్తుంది కనుక ఒప్పుకున్నవాడు, మేలు కనిపించని రోజున విడిచిపెడతాడు. ఉపవాసం జీర్ణకోశానికి విశ్రాంతి కనుక పాటించేవాడికి, వైద్యుడు మరొక పథ్యం చెబితే ఉపవాసంతో పని తీరుతుంది.

కనుక యువకుడు 'ఇది నిజమేనా?' అని అడిగినప్పుడు ఆ ప్రశ్నకే జవాబు చెప్పుదాము. మన ఆధారాలు అతడి ముందు ఉంచుదాము. అతడి సందేహాలు విందాము. జవాబు తెలియనిచోట తెలియదని ఒప్పుకుందాము. మేలును గురించి ఆ తరువాత చెప్పవచ్చు. అప్పుడది విశ్వాసానికి వెల కట్టినట్టుగా గాక, సత్యానికి సాక్ష్యంగా నిలుస్తుంది.