శీలమూ విశ్వాసమూ: గోరా వాదనపై ఒక పరిశీలన

దైవభీతి లేనివాడికి నీతి ఉండదన్న మాట జుమా ప్రసంగాల్లోను, మీలాద్ సభల్లోను తరచు వినవస్తుంది. ఈ మాటను విజయవాడలో పలికే వక్తకు ఒక చిక్కు ఎదురవుతుంది. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902-1975) గారి నాస్తిక కేంద్రం ఆ నగరంలోనే, పటమటలో ఉంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో వెలసిన ఆ సంస్థ 1947లో అక్కడికి తరలింది. నాస్తిక భావాల మూలంగా గోరా 1933లో కాకినాడలో కళాశాల అధ్యాపక పదవిని పోగొట్టుకున్నారు. అంటరానితనాన్ని ధిక్కరించి సహపంక్తి భోజనాలు నడిపారు. 1948లో సేవాగ్రామంలో తమ కుమార్తెను దళిత యువకునికిచ్చి పెళ్ళి చేశారు. ఇట్టివారిని నీతిలేనివారనడం న్యాయం కాదు. సాక్ష్యం విషయంలో న్యాయం తప్పరాదన్నది ఖుర్ఆన్ ఆదేశం.

గాంధీజీతో తమకు జరిగిన చర్చలను గోరా ‘ఏన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ అన్న ఆంగ్ల గ్రంథంలో పొందుపరిచారు. దానిని 1951లో నవజీవన్ సంస్థ ప్రచురించింది. దేవుణ్ణి నమ్మినవాడు తనను పరాధీనుడిగా తలచి, బాధ్యతను విధి మీదికి నెట్టివేస్తాడనీ, స్వతంత్రుడనని గుర్తించినవాడే బాధ్యత వహిస్తాడనీ ఆయన సిద్ధాంత సారం. 1943 నాటి బెంగాల్ కరవులో తిండి అంగళ్ళ చెంతనే ఆకలిచావులు సంభవించడాన్ని ఆయన ఇందుకు దృష్టాంతంగా చూపారు.

ఈ దృష్టాంతం ముస్లిం పాఠకుణ్ణి కలవరపెట్టవలసినదే. అయితే అది ఖండిస్తున్నది విధివాదాన్ని, తవక్కుల్‌ను కాదు. అమవాస్ ప్లేగు వార్త విని హజ్రత్ ఉమర్ (రజి.) వెనుదిరిగినప్పుడు, దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అన్న ప్రశ్న వచ్చింది. ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయం వైపే సాగుతున్నామన్నది ఆయన సమాధాన భావం. కరవు ఏడాదిలో దొంగతనానికి చేయి నరికే శిక్షను నిలిపివేసినవారూ ఆయనే. ఆకలిగొన్నవాడు, మిగులు అన్నాన్ని బిగబట్టుకున్నవాడితో పోరాడి అయినా దానిని తీసుకోవచ్చునని స్పెయిన్ పండితుడు ఇబ్నె హజ్మ్ వ్రాశారు. విశ్వాసం చేతులు ముడుచుకొమ్మనదని ఇవి చాటుతున్నాయి.

మరి విశ్వాసం లేనిచోట మంచి పుట్టదా? పుట్టదని ఇస్లాం చెప్పలేదు. దౌర్జన్యానికి గురైనవాడి పక్షాన నిలుస్తామని మక్కా పెద్దలు చేసుకున్న ‘హిల్ఫుల్ ఫుజూల్’ ఒడంబడికలో, ప్రవక్త పదవికి పూర్వమే మహాప్రవక్త (స.అ.సం.) పాల్గొన్నారు. అటువంటి దానికి తరువాత పిలిచినా వెళతానని సెలవిచ్చారు. ఆంధ్ర ముస్లిములలో అత్యధికులు హనఫీలు; వారి అఖీదాకు ఆధారమైన ఇమామ్ మాతురీదీ సైతం మంచిచెడుల మూల భేదాన్ని మానవబుద్ధి గ్రహించగలదనే అన్నారు.

ఆ ఒడంబడిక జరిగింది అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట. బంధువులను ఆదరించి, పేదలకు అన్నం పెట్టిన ఆయన గురించి హజ్రత్ ఆయిషా (రజి.) అడిగినప్పుడు, ఆ పుణ్యం పరలోకంలో ఉపకరించదనీ, తీర్పుదినాన తన తప్పులను మన్నించమని ఆయన ఏనాడూ ప్రభువును వేడుకోలేదనీ ప్రవక్త (స.అ.సం.) తెలిపారు. అదే ఇంటి ఒడంబడికకు ప్రశంస, ఆ ఇంటి యజమాని పరలోకం గురించి హెచ్చరిక! మంచి పని విలువ వేరు, ఆ పనికి ఎవరి ఎదుట జవాబుదారీ అన్న ప్రశ్న వేరు అని దీనివల్ల తేటపడుతున్నది.

గోరా సిద్ధాంతం తడబడేది ఈ రెండవ ప్రశ్న దగ్గరే. దాపరికం లేని బహిరంగ జీవనమే మనిషిని సన్మార్గాన నిలుపుతుందని ఆయన నమ్మారు. కాని 1948 నాటి కృష్ణా డెల్టాలో సంఘం చూపు కులం పక్షానే ఉంది. ఆ చూపును ఎదిరించి కుమార్తె వివాహం జరిపించిన గోరా ఎవరికి జవాబు చెప్పుకున్నట్లు? తమ స్వేచ్ఛకే అంటే, స్వేచ్ఛ రెండు దారులూ తెరుస్తుంది. ఒక దారినే పోవాలని కట్టడి చేయదు. ఆయన జీవితం ఆయన సిద్ధాంతాన్ని మించిపోయింది. సంఘం కళ్ళకు అతీతంగా చూసే ఒకరున్నారన్న ఎరుకే ఈమాన్. తప్పిన మనిషి మళ్ళీ లేవడానికి తౌబా ద్వారం తెరిచేదీ అదే.

ఇంతవరకు వాదనలో ముస్లిం గెలిచినట్లే కనిపించవచ్చు. కాని ‘అల్ మాఊన్’ సూరా తీర్పుదినాన్ని కాదనేవాడి ఆనవాలుగా చూపేది అతని తర్కాన్ని కాదు. అనాథను గెంటివేసే అతని చేతిని. వెనువెంటనే ప్రదర్శనకు నమాజు చేసేవారినీ హెచ్చరిస్తుంది. మస్జిదులో ఒకే వరుసలో నిలబడి, నూర్‌బాషా సోదరుడితో వియ్యమందడానికి వెనుకాడే కుటుంబాలు ఈ డెల్టాలో లేవా? మహర్‌ను కాగితం మీద వ్రాసి, కట్నాన్ని చేతిలో లెక్కపెట్టుకునే నికాహ్‌లు లేవా? సమానత్వాన్ని దైవాజ్ఞగా ఎరుగనివాడు తన కుమార్తె పెళ్ళిలో దానిని పాటించాడు. దైవాజ్ఞగా ఎరిగినవాడు తన ఇంట దానిని పాటించినప్పుడే గోరాకు ఇచ్చే జవాబుకు సాక్ష్యం లభిస్తుంది. అంతవరకు అది జవాబు కాదు, వాదన మాత్రమే.