పలకరించడానికి వచ్చినవాళ్ళు

మా నాన్న పోయిన పదోరోజు తెల్లవారుజామున అమ్మ చేతిగాజులు పగలగొడుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. తెలుగు సాహిత్యంలో వితంతువు పాత్ర మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయమే ఉంది. ఈ తంతు పితృస్వామ్య హింస అని అందులో రాశాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ ఉదయం నోరు పెగల్లేదు. ముందురోజు రాత్రి మాత్రం అమ్మతో అన్నాను: "వద్దని చెప్పమ్మా, అందరికీ నేను జవాబు చెప్పుకుంటాను." అమ్మ చాలాసేపు ఊరుకుని, "నువ్వు ఎల్లుండి వెళ్ళిపోతావు. వీళ్ళుంటారు" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జవాబు కోసం, అంతకుముందు చదివినవే మళ్ళీ చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

ఇంతకీ ఎవరు ఈ "వీళ్ళు"? కబురు తెలియగానే చేతిలో పని వదిలేసి వచ్చి అమ్మ మెడ పట్టుకుని ఏడ్చిన ఆడవాళ్ళు. మా వీధి చివరింట్లో వరసకి అత్త ఒకామె ఉంది. శోకాలు పెట్టడంలో ఆమె పేరు ఊరంతా తెలుసు. ఆమె నాన్నను రాగం తీసి పిలిచింది, పొగిడింది, తిట్టింది. అమ్మకు చెప్పకుండా చేసిన అప్పు, ఆస్పత్రికి పదమంటే వినని మొండితనం, అన్నీ ఆ ఏడుపులోనే బయటపెట్టింది. నాన్న బతికుండగా అందులో ఒక్కటి కూడా అమ్మ నలుగురిలో అనలేకపోయింది. చదువుకున్న బంధువులు తలలు దించుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గేసింది, ఇదంతా నాటకం అనుకున్నాను. అప్పటిదాకా రాయిలా కూర్చున్న అమ్మ మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది మాత్రం ఆమె వచ్చాకే.

శోకం ఫిర్యాదు కూడా అని మన సాహిత్యానికి ఎప్పుడో తెలుసు. మహాభారతంలో స్త్రీపర్వం ఉన్నదే అందుకు. యుద్ధం ముగిశాక గాంధారి రణరంగాన్ని చూస్తుంది. తన నూరుగురు కొడుకుల కోసమే కాదు, అభిమన్యుడి శవం దగ్గర కూర్చున్న ఉత్తర కోసం కూడా ఏడుస్తుంది. ఎవరి శవం పక్కన ఏ స్త్రీ ఉందో కృష్ణుడికి ఒక్కొక్కరినీ చూపిస్తుంది. చివరికి ఆ ఏడుపు శాపంగా మారుతుంది: ముప్పై ఆరేళ్ళ తర్వాత నీ వంశమూ ఇలాగే తమలో తాము కొట్టుకుని నశిస్తుందని. ఆపగలిగి కూడా ఆపలేదన్నది ఆమె ఆరోపణ.

దానికి ఆమెకు దొరికిన ఓదార్పేమిటి? సంస్కృత మూలంలో కృష్ణుడు, లే, ఏడవకు, ఇందులో నీ తప్పే ఉంది అంటాడు. బ్రాహ్మణ స్త్రీ తపస్సు చేసే కొడుకును కంటుంది, నీవంటి రాజపుత్రి చంపబడేందుకే కొడుకులను కంటుంది అన్న అర్థంలో చెబుతాడు. దుఃఖంలో ఉన్న స్త్రీకి తత్త్వం చెప్పి నోరు మూయించడం అంత పాతది. "ఎవరి రాత వాళ్ళది", "పిల్లల కోసమైనా గుండె దిటవు చేసుకోవాలి" అని మా ఇంట్లో పెద్దమనుషులు అంటుంటే నాకు ఆ ఘట్టమే గుర్తొచ్చింది. మా అత్త ఒక్కసారి కూడా ఏడవకు అనలేదు.

ఆధునిక కాలానికి వస్తే మనకు స్మృతికావ్యం అనే ప్రక్రియ ఉంది. మొదటి భార్య పోయినప్పుడు విశ్వనాథ సత్యనారాయణ 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. ఆ దుఃఖం నిజాయితీని నేను శంకించడం లేదు. నా ప్రశ్న వేరు. భార్యను పోగొట్టుకున్న పురుషుడి ఏకాంత శోకం కావ్యమై సాహిత్య చరిత్రలోకి ఎక్కింది. భర్తనో బిడ్డనో పోగొట్టుకున్న స్త్రీ నలుగురిలో కూర్చుని కట్టిన శోకం అక్కడికక్కడే గాలిలో కలిసిపోయింది. ఎవరైనా రాసుకున్నా అది జానపద విభాగంలోకి వెళ్ళిపోయింది. అక్కడ కవికి పేరుండదు. ఒకటి కవిత్వం, ఇంకొకటి ఏడుపు. ఈ విభజన ఎవరు చేశారని మేము విశ్వవిద్యాలయంలో ఎన్నడూ అడగలేదు.

సంస్కరణ సాహిత్యం దగ్గర నా ఇబ్బంది ఇంకా పెద్దది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం మన చరిత్రలో ఎంత పెద్ద అడుగో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ ఉద్యమం మనకిచ్చిన ప్రతినిధి పాత్ర బాలవితంతువు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అరికాళ్ళ కింద మంటలు'లో అమ్మాయి చుట్టూ ఇంటినిండా జనమే. అందరూ ఆమెతో చాకిరీ చేయించుకునేవాళ్ళే, పలకరించేవాళ్ళు లేరు. ఆమెకు ఆసరా ఇంటి బయట, పంతులుగారి తోటలో ఉంది. అటు పారిపోవడమే కథ. గొప్ప కథ. కానీ ఆ అమ్మాయికి పోయిన మనిషి మీద దుఃఖం లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆమె దుఃఖమంతా బతికున్నవాళ్ళ వల్లే.

అందువల్ల ఒక చిక్కు వచ్చింది. ముప్పై నలభై ఏళ్ళు కలిసి బతికి, కొట్లాడి, ప్రేమించి, విసిగి, ఆ మనిషిని పోగొట్టుకున్న స్త్రీకి మన ఆధునిక సాహిత్యంలో చోటు దొరకలేదు. ఏడిస్తే పతివ్రత అంటాం, ఏడవకపోతే ఆధునిక స్త్రీ అంటాం. గాజులు పోయినందుకు కోపం, మనిషి పోయినందుకు దిగులు, అప్పు దాచినందుకు కసి, మూడూ ఒకే గుండెలో ఉంటే ఆమెను ఏమనాలో మాకు తెలియలేదు. నా అధ్యాయంలోనూ తంతు ఉంది, చట్టం ఉంది, సంస్కర్త ఉన్నాడు. దుఃఖం లేదు.

దానికి చోటిచ్చిన పుస్తకం ఒకటుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలవి. ఉద్యమం కోసం అడవిలో పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కథ చదివి మామూలుగా ఉండటం కష్టం. త్యాగం అన్న మాట ఆ నష్టాన్ని పొగిడి పక్కన పెట్టేస్తుంది. పోరాటం 1951లో ఆగింది. ఎదురుగా కూర్చుని వివరంగా వినే ఆడవాళ్ళు రావడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ పుస్తకాన్ని చరిత్రగానే చదువుతూ వచ్చాం. నాకిప్పుడు అది ఆలస్యంగా జరిగిన పలకరింపులా కనిపిస్తోంది.

ప్రభుత్వం కూడా పలకరిస్తుంది, దాని పద్ధతిలో అది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకు 2004లో జి.ఓ. 421 లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు ప్రకటించింది. 2015లో తెలంగాణ జి.ఓ. 194 ఆ మొత్తాన్ని ఆరు లక్షలకు పెంచింది. ఆ డబ్బు అవసరం, అది ఆమె హక్కు. కానీ దానికోసం ఆమె ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, అప్పు పత్రాలు పట్టుకుని, చావు నిజంగా అప్పుల వల్లే జరిగిందని నిరూపించుకోవాలి. కౌలు రైతు భార్య అయితే పట్టాదారు పాసుపుస్తకమే ఉండదు. విచారణ కమిటీ ముందు ఆమె ఏడుపు సాక్ష్యం కావాలి, ఆమె మౌనం అనుమానానికి దారి తీస్తుంది. అక్కడ అడిగేవాళ్ళుంటారు గానీ వినేవాళ్ళుండరు.

మళ్ళీ మా అత్త దగ్గరికి వస్తాను. ఎందుకంటే నా కథలో అసలు ముల్లు అక్కడే ఉంది. పదోరోజు అమ్మ గాజుల మీద రాయి వేసిన చెయ్యి కూడా ఆమెదే. మెడ పట్టుకుని ఏడ్చిన చెయ్యీ, గాజులు పగలగొట్టిన చెయ్యీ ఒకటే. తర్వాత ఆరు నెలలు రోజూ సాయంత్రం వచ్చి, మా అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నదీ ఆమే. ఒక్కోరోజు ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదట. నేను హాస్టల్ నుంచి ఫోన్లో ధైర్యం చెప్పేదాన్ని.

దీన్ని చూసి ఆచారాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఆదరణకు అవమానాన్ని రుసుముగా కట్టించుకునే వ్యవస్థను తోడు అనలేం. 2022 మేలో మహారాష్ట్రలోని హేర్వాడ్ గ్రామ పంచాయతీ గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం వంటి తంతులను నిషేధిస్తూ తీర్మానం చేసింది. అలాంటి తీర్మానాలు ప్రతి ఊళ్ళో రావాలి. కానీ తీర్మానం గాజులను కాపాడుతుంది, సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చోదు. మేము, అంటే నాలాంటి స్త్రీవాదులం, తంతును వద్దనే పనిలో ఆ కూర్చోవడాన్ని కూడా తంతులో భాగమని వదిలేశాం. దాని స్థానంలో ఏదీ పెట్టలేదు. అమ్మ ఆ రాత్రి నన్ను అడిగింది అదే. నేను విననట్టు ఉండిపోయాను.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. కిందటి నెల మా వీధిలోనే ఒక చిన్న వయసు అమ్మాయి భర్త బండి ప్రమాదంలో పోయాడు. అమ్మకు ఫోన్ చేసి, వెళ్ళావా అని అడిగాను.

"మొదటిరోజే వెళ్ళాను. పదోరోజు తెల్లారకట్ట కూడా పిలిచారు. ఆ పని నా చేత కాదన్నాను. మీ అత్తకు కోపమొచ్చింది."

"మరి?"

"పదకొండోరోజు నుంచి సాయంత్రాలు వెళ్తున్నాను. మీ అత్త కూడా వస్తోంది. ఆ పిల్ల ఇంకా సరిగ్గా ఏడవలేదు" అంది అమ్మ. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేసింది.