టోపీ కాదు, కమ్మి

ఆదివారం సాయంత్రం చేగోడీ కొరికితే చప్పుడు రెండుసార్లు వినిపించింది. మొదటిది చేగోడీది. రెండోది కింది దవడలో ఎడమవైపు పన్నుది. అరచేతిలోకి ఉమ్మి చూసుకుంటే నువ్వుగింజలతో పాటు తెల్లటి పెచ్చు. మా ఆవిడ దాన్ని చూసి ఏమీ అనలేదు. అనాల్సింది రెండేళ్ళ కిందటే అనేసింది మరి.

అప్పుడే ఆ పన్నుకి రూట్ కెనాల్ అయింది. నొప్పి పోయింది, సిమెంటు పెట్టారు. "ఆలస్యం చేయకుండా క్యాప్ వేయించుకోండి అంకుల్" అంది డాక్టరమ్మాయి. నేను నవ్వి ఊరుకున్నాను. నా సంగతి ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెలిసిందే. గొడుగు ఊచ విరిగితే ఊచే మార్పిస్తాను. మిక్సీ బాగుచేయమంటే "కొత్తది తీసుకోండి" అన్న కొట్టువాడి మీద ఒక వారం కాలమంతా ఖర్చుపెట్టాను. నొప్పిలేని పన్నుకి టోపీ అంటే అది నాకు పెడుతున్న టోపీ అనుకున్నాను.

సోమవారం తగాదాకి సిద్ధపడే వెళ్ళాను. "రూట్ కెనాల్ చేస్తే పన్ను ఎండిపోయి పెళుసవుతుందట. అంటే విరిగింది మీవల్లేగా?" అన్నాను.

"ఎండిపోవడం కాదు అంకుల్. పుచ్చు కొంత తినేసింది. ఆ పుచ్చు తీయడానికి మేం కొంత తీశాం. నరం దాకా దారి కోసం పైకప్పు తీశాం. మిగిలినవి గోడలే. నమిలినప్పుడల్లా అవి బయటికి ఒరుగుతాయి."

ఇంటికొచ్చి చదివితే ఆ పిల్ల మాట నిజమే. పీకిన పళ్ళ మీద 1989లో చేసిన ఒక పరిశోధన ఉంది. రూట్ కెనాల్ కోసం చేసే దారివల్ల పన్ను బిగువు తగ్గేది 5 శాతమే. రెండు పక్కల అంచులూ పోయేలా గుంట తవ్వితే మాత్రం 63 శాతం. నా పన్నుకి ఆ అంచులు ఎప్పుడో పోయాయి.

క్లినిక్‌లో ఆ పిల్ల గోడలు ఒరుగుతాయి అనగానే, కుర్చీలో నోరు తెరుచుకునే నేను గుడివాడ దగ్గరి మా తాతయ్య ఊరు వెళ్ళిపోయాను. వేసవిలో కమ్మరి కొలిమి ముందు బండి చక్రాలు వరసగా పడుండేవి. చక్రమంటే ఒక్క చెక్క కాదు. నడుమ కుండ, అందులోంచి ఆకులు, ఆకుల కొసల చుట్టూ వంపు తిరిగిన పూటీలు. ఎండకి కర్ర కుదించుకుపోయి పూటీల మధ్య సందులు పడేవి. అలాగే తోలితే కొన్నాళ్ళకి దేనికది ఊడిపోతుంది. కమ్మరి ఇనప కమ్మిని చక్రం చుట్టుకొలత కంటే పిసరంత తక్కువగా వంచి అతికేవాడు. కిటుకంతా ఆ పిసరులోనే. తక్కువైన కమ్మి ఎక్కేదెలా? నేలమీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడితే ఎర్రగా కాగి సాగేది. ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించి సుత్తులతో మోదేవాళ్ళు. కర్ర అంటుకుని మంట లేస్తుంటే పిల్లలం చెంబులతో, పెద్దవాళ్ళు బిందెలతో నీళ్ళు. భుస్సుమని ఆవిరి. ఆ ఆవిరిలోంచి కర్ర మూలిగేది, కమ్మి బిగుసుకుని సందులన్నీ మూసుకుపోయేవి.

ఒకసారి తాతయ్య తెచ్చిన చక్రాన్ని కమ్మరి గోటితో గీకి చూసి పక్కన పెట్టేశాడు. "చెద కొట్టేసిందండీ. కర్ర లేకపోతే కమ్మి దేన్ని పట్టుకుంటది? నిరుడు తెస్తే కట్టేవోణ్ణి."

డాక్టరమ్మాయి సన్నటి పుల్లతో నా పన్ను చుట్టూ గీకుతున్నది కూడా అందుకేనట. చిగురు పైన చుట్టూ రెండు మిల్లీమీటర్లయినా గట్టి పన్ను మిగిలుంటేనే క్యాప్‌కి పట్టు దొరుకుతుంది. నాకు అంత మిగిలింది. పగులు వేరు దాకా దిగుంటే పీకడమే.

అయితే కమ్మికీ క్యాప్‌కీ తేడా లేకపోలేదు. కమ్మి కోసం చక్రాన్ని ఇంత చెక్కరు. క్యాప్‌కి చోటివ్వాలంటే పన్నుని చుట్టూ, పైనా అరగదీయాలి, పైన అయితే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. అరిగిన ఎనామెల్ మళ్ళీ పుట్టదు. క్యాప్ అంచు కింద పుచ్చు పట్టకుండా కూడా ఉండదు, తోముకోవాల్సిందే. నవ్వు అందం కోసం నిక్షేపంలాంటి పళ్ళు అరగదీయించుకునేవాళ్ళని చూస్తే నా పాత కోపం అలాగే ఉంది.

కానీ కొత్తగా మతం మారినవాడి ఉత్సాహం ఊరుకోనిస్తుందా? "ముందు పన్నుకి కూడా వేసేయమ్మా. దానికి రూట్ కెనాల్ అయి పదేళ్ళు" అన్నాను.

అద్దం పెట్టి వెనకవైపు చూసింది. "అక్కర్లేదు అంకుల్. దీనికి చిన్న రంధ్రమే, గోడలన్నీ ఉన్నాయి. ఇది కొరుకుతుంది గానీ నమలదు. దాని జోలికి పోవద్దు."

ఆ మాటకి మా తాతయ్య చక్రం పక్కన పెట్టిన కమ్మరే కనిపించాడు. కట్టనని చెప్పగలిగినవాడు కట్టించుకోమంటే వినాలి. రెండేళ్ళ కిందట ముందు పన్ను సంగతి కూడా అడిగుంటే క్యాప్ మాట అప్పుడే నమ్మేవాణ్ణేమో. విరిగాక అతకడమే బాగుచేయడమని ఇన్నేళ్ళుగా ఇక్కడ వాదిస్తున్నాను. పూటీలు విడిపోకముందే కమ్మి కట్టించుకునే రైతు నాకంటే పెద్ద పొదుపరి.

అచ్చు తీసుకున్నారు, తాత్కాలికంగా ఒకటి తొడిగారు, అసలుది గురువారం వస్తుంది. అందాకా నమలడం కుడివైపే. చేగోడీల డబ్బా మా ఆవిడ అటక మీదికి ఎక్కించేసింది, నా గొడుగు పక్కన.